పాత అంబాసిడర్‌కు ఏ క్యామ్‌షాఫ్టు?

(ముద్దనూరులో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో, మోటారు వాహనాల మెయింటెనెన్సులో పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగం. సభ్యుల కోరికపై ప్రత్యేక సంచికలో పూర్తి పాఠం ప్రచురిస్తున్నాము. – సంపాదకవర్గం)



పోయిన సమావేశంలో బి.పి., షుగరు గురించి డాక్టరు గారు చక్కగా చెప్పినారు. ఈసారి నన్ను మాట్లాడమన్నారు. నాకు తెలిసింది ఇంజన్లొక్కటే. కాబట్టి ఈ గంటసేపూ మీరు ఇంజను గురించే వినక తప్పదు. మనవాళ్ల ఇళ్లలో ఇంకా అంబాసిడర్లు, ఒకటో రెండో పద్మినీలు ఉన్నాయి. అమ్మబుద్ధి కాక, నడపనూ లేక రేకుల షెడ్డులో పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ మాటలు అక్కరకు వస్తాయని ఆశ.

అసలు ఈ విషయమే ఎందుకు ఎత్తుకున్నానో ముందు మనవి చేస్తాను. నాకంటే సీనియరు, మీలో చాలామందికి బాగా తెలిసిన మనిషి, ఇప్పుడు లేరు. ఆయన పేరు చెప్పను, వదినమ్మకు ఇష్టముండదు. ఆయన కారు 1974 నాటి అంబాసిడర్, మార్కు టూ. ఆయన పోయినాక రెండేళ్లు ఆ బండి కదల్లేదు. పోయిన సంవత్సరం వదినమ్మ నన్ను పిలిపించి, "అప్పా, బండిని లేపాల. డాక్టరు దగ్గరికి ప్రొద్దుటూరు పోవాలన్నా, బిడ్డను చూడ్డానికి పులివెందుల పోవాలన్నా ఒకరి కాళ్లు పట్టుకోవాల్సి వస్తాంది" అన్నారు. డ్రైవరుగా వాళ్ల పెదనాయన మనవడే ఉన్నాడు. బండి లేపితే చాలు.

లేపినాము. లేచింది గానీ, కార్బురేటరులో నుంచి టప్ టప్ మని తుమ్ముతోంది. ఎత్తు వస్తే లాగడం లేదు. ప్లగ్గులు మార్చినాము, పాయింట్లు మార్చినాము. ఆఖరికి రాకర్ కవరు విప్పి, డయల్ గేజి పెట్టి, ఇంజన్ను చేత్తో తిప్పి చూస్తే ఎనిమిది వాల్వుల్లో రెండు సగం కూడా లేవడం లేదు. క్యామ్‌షాఫ్టు అరిగిపోయింది.

క్యామ్‌షాఫ్టు అంటే ఏమిటో తెలియని అమ్మలు కూడా సభలో ఉన్నారు కాబట్టి రెండు మాటల్లో చెప్తాను. ఇంజన్లోకి పెట్రోలు గాలి పోవడానికి ఒక తలుపు, పొగ బయటికి పోవడానికి ఒక తలుపు. నాలుగు సిలిండర్లకు ఎనిమిది తలుపులు. ఈ తలుపులను సమయానికి తెరిచే కడ్డీయే క్యామ్‌షాఫ్టు. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఎనిమిది ఉబ్బులుంటాయి, వాటిని లోబులంటాము. గుడ్డు మొన పైకి వచ్చినప్పుడు ట్యాపెట్‌ను తోస్తుంది, ట్యాపెట్ పుష్‌రాడ్‌ను తోస్తుంది, పుష్‌రాడ్ రాకరును లేపుతుంది. రాకరు మన ఏతాం లాంటిదే, ఒక కొస లేస్తే రెండో కొస దిగి వాల్వును తెరుస్తుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతూంటే ప్రతి తలుపూ నిమిషానికి వెయ్యిసార్లు తెరుచుకోవాల. అంత చాకిరీ చేసేది కాబట్టే అరుగుతుంది.

ఇక వదినమ్మ కొడుకు సంగతి. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం. మంచి పిల్లవాడు, తండ్రి బండి అంటే ప్రాణం. అరిగిందని తెలిసిన రోజే ఫోను చేసి, "చిన్నాయనా, ఎట్లా మార్చాల్సిందే కదా, ఇంగ్లండు నుంచి స్పోర్ట్సు క్యామ్ తెప్పిస్తా. నాయన బండి దూసుకుపోవాల" అన్నాడు. 280 డిగ్రీల పైబడిన క్యామ్ అది. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. "రేయ్ అబ్బీ, కొనబాక. నేను వచ్చి మాట్లాడతా" అన్నాను.

ఈ డిగ్రీల లెక్క అర్థమైతే ఎంపిక సగం అయిపోయినట్టే. అంబాసిడర్‌లోని 1489 సి.సి. పెట్రోలు ఇంజను మనది కాదు, ఇంగ్లండులోని బి.ఎం.సి. వాళ్ల బి-సిరీస్ ఇంజను. అంబాసిడర్ కారే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు మన దేశపు రూపం. అదే 1489 సి.సి. ఇంజన్ను ఇంగ్లండు వాళ్లు 1955లో వచ్చిన ఎం.జి.ఏ. అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారులోనూ పెట్టినారు. మన బండిలో సుమారు 50 హార్సు పవరు ఇచ్చిన ఇంజను అక్కడ 70 దాకా ఇచ్చింది. రెండు కార్బురేటర్లు, ఎక్కువ కంప్రెషను, వేరే హెడ్డు, వేరే క్యామ్. అన్నీ కలిస్తేనే ఆ పవరు వచ్చింది. క్యామ్ ఒక్కటే మారిస్తే వచ్చింది కాదు. ఈ మాట మా అబ్బికి ఎవరూ చెప్పలేదు.

ఆ రెండు క్యామ్‌ల లెక్కలు చూడండి. మామూలు సెలూను క్యామ్‌లో లోపలి వాల్వు, పిస్టన్ పైకొస చేరకముందే 5 డిగ్రీలకు తెరుచుకొని, కిందికొస దాటినాక 45 డిగ్రీలకు మూసుకుంటుంది. మధ్యలో 180. మొత్తం 230 డిగ్రీలు. పొగ వాల్వు కిందికొసకు 40 ముందు తెరుచుకొని పైకొస దాటినాక 10కి మూసుకుంటుంది, అదీ 230. ఎం.జి. క్యామ్‌లో ఇవే 16, 56, 51, 21. అంటే మొత్తం 252. లెక్క వేసి చూడండి, నాలుగు చోట్లా సరిగ్గా 11 డిగ్రీలు పెంచినారు, అంతే. నిండుగా తెరుచుకునే చోటు మారలేదు, రెండింట్లోనూ లోపలి వాల్వుకు పైకొస దాటిన 110 డిగ్రీలే. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక రాత్రి కాగితం మీద ఈ లెక్క వేసుకొని చాలా సంబరపడినాను. మా ఇంటామెకు చూపిస్తే "అయితే జీతం పెరుగుతుందా" అని అడిగింది.

మరి ఎక్కువసేపు తెరిచి ఉంచితే మంచిదే కదా అంటారు. చెరువు తూము గుర్తు చేసుకోండి. నీళ్లు ఉధృతంగా వస్తున్నప్పుడు తూము కొంచెం ఎక్కువసేపు తీసి ఉంచితే, వచ్చే ఊపులోనే ఇంకొన్ని నీళ్లు కాలువలో పడతాయి. నీళ్లు మెల్లగా వస్తున్నప్పుడు అంతసేపు తీసి ఉంచితే కాలువలో నీళ్లే వెనక్కి తన్నుతాయి. ఇంజనూ అంతే. 4,000 చుట్ల పైన గాలికి వేగం ఉంటుంది, పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టినా గాలి దూరుతూనే ఉంటుంది. 1,200 చుట్ల దగ్గర ఆ వేగం ఉండదు. ఆలస్యంగా మూసే క్యామ్ పెడితే, పిస్టన్ లోపలికి పీల్చిన దాంట్లో కొంత మళ్లీ కార్బురేటరులోకి నెట్టేస్తుంది. కంప్రెషను పడిపోతుంది, లాగుడు పోతుంది. రెండు తలుపులూ కలిసి తెరుచుకొని ఉండే సమయం సెలూను క్యామ్‌లో 15 డిగ్రీలు, ఎం.జి. దాంట్లో 37. ఇంకా పెద్ద క్యామ్‌లలో ఇంకా ఎక్కువ. అది పెరిగే కొద్దీ ఇంజను నిలకడగా ఐడిల్ కాదు, ఎండాకాలం గేటు దగ్గర పది నిమిషాలు ఆగితే వణుకుతూ వేడెక్కుతుంది. మన ఎండలు మీకు నేను చెప్పాల్నా.

కాబట్టి క్యామ్ ఎంచుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఎంత పవరు కావాల అని కాదు. నా బండి రోజూ ఎన్ని చుట్ల దగ్గర తిరుగుతుంది? వదినమ్మ బండి ముద్దనూరు నుంచి ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు, పులివెందులకు పోతుంది. నాపబండల లారీల వెనకాల, సిమెంటు లారీల వెనకాల గంటకు 40, 50 మీద. టాపు గేరులో అంటే ఇంజను సుమారు 2,000 దగ్గర. ఏ రోజైనా 75 తొక్కితే 3,000. అంతకు మించి ఆ బండి ఎప్పుడు తిరిగింది? 4,500 పైన బలం చూపే క్యామ్ పెడితే, ఆ బలం ముద్దనూరులో ఎవరికీ కనపడదు.

ఇదంతా చెప్పినా అబ్బి ఒప్పుకోలేదు. చదువుకున్నవాడు, నోటిమాటలతో ఒప్పుకోడు. అది మంచిదే. బెంగళూరులో అతని స్నేహితుడికి అటువంటి క్యామ్ వేసిన అంబాసిడరే ఉంది. ఒక ఆదివారం ఆ బండిలోనే వచ్చినారు. నేను, "కడప దాటి గువ్వలచెరువు ఘాటు ఎక్కుదాం పదండి, అమ్మను కూడా కూర్చోబెట్టుకోండి" అన్నాను. కడప దాకా రోడ్డు బాగుంది, బండి నిజంగానే దూసుకుపోయింది. 80 దాటినాక దాని శబ్దమే వేరు, నేను కూడా సంతోషించినాను, అబద్ధమెందుకు. ఘాటులో ముందర లోడు లారీ దొరికింది. వంపులో లారీ మెల్లగైంది, మేము రెండో గేరులో దాని వెనకాల. ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. యాక్సిలరేటరు తొక్కితే ఇంకా దగ్గుతుంది. ఆ పాత బండ్లలో ఫస్టు గేరుకు సింక్రోమెష్ లేదు, నడుస్తుండగా వేయాలంటే డబుల్ క్లచ్ కొట్టడం చేతనై ఉండాల. ఆ పిల్లవాడికి చేతకాలేదు. వంపులో బండి ఆగింది, వెనకాల బస్సు హారను. నేను దిగి చక్రానికి రాయి పెట్టినాను. వదినమ్మ వెనక సీట్లో నుంచి కొడుకుతో ఒకే మాటన్నారు: "నాకు పందెం గుర్రం వద్దు నాయనా. నీళ్ల మోటు లాగే ఎద్దు కావాల."

అప్పటితో స్పోర్ట్సు క్యామ్ మాట అయిపోయింది. మరి ఎం.జి. వాళ్ల 252 డిగ్రీల క్యామ్ పెట్టుకోవచ్చు కదా అని అబ్బి మధ్యేమార్గంగా అడిగినాడు. తప్పుడు ప్రశ్న కాదు. హెడ్డు ఎటూ విప్పి కంప్రెషను కొంచెం పెంచుకునేవాళ్లకు, హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకు అది పనికొస్తుంది. మన అంబాసిడర్‌కు కంప్రెషను తక్కువ, ఆ రోజుల పెట్రోలుకు తగినట్టు. ఆలస్యంగా మూసే క్యామ్ ఆ కొంచెం కంప్రెషన్నూ తినేస్తుంది. మా పనిలో హెడ్డు ముట్టుకునే ఉద్దేశం లేదు. కాబట్టి పాత 230 డిగ్రీలదే అని తేల్చుకున్నాము.

కాగితాల సంగతి కూడా ఇక్కడే చెప్పాల. 50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషను పెట్టింది, నంబరులో వి.ఏ. అనే అక్షరాలు వస్తాయి. అబ్బికి ఆ ప్లేటు మీద చాలా మోజు. కానీ దానికి బండి అసలు రూపంలో ఉండాల, ఛాసిస్సు, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. స్పోర్ట్సు క్యామ్ కావాలంటాడు, వింటేజ్ ప్లేటూ కావాలంటాడు! పైగా ఆ ప్లేటు వేసుకున్న బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు, పెట్రోలుకు తీయవచ్చు గానీ మామూలుగా రోజూ తిప్పకూడదు. వదినమ్మ డాక్టరు దగ్గరికి ఎట్లా పోవాల? అందుకని మామూలు రిజిస్ట్రేషన్నే అయిదేళ్లకు రెన్యువల్ చేయించినాము. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసినారు. ఫ్యామిలీ పెన్షను మీద బ్రతికే మనిషికి అది చిన్న మొత్తం కాదు. బండి పెట్టుకోవాల్నా అమ్ముకోవాల్నా అని ఆలోచించేవాళ్లు ఇంజను ఖర్చుతో పాటు దీన్నీ లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాల. ఇదే బండికి ఇంతకుముందు కూడా ఒకసారి క్యామ్ మారింది. 1987లో. మార్చింది నేనే. కొత్త క్యామ్ తెచ్చినాము. ట్యాపెట్లు చూస్తే నున్నగా, బాగానే కనిపించినాయి. "సార్, ఇవి బాగున్నాయి, అనవసరంగా ఎందుకు ఖర్చు" అని పాతవే వేసినాను. ఆయన నన్ను నమ్మినారు. మూడు వారాలు తిరిగిందో లేదో, చప్పుడు. విప్పితే కొత్త క్యామ్ మీద మూడు లోబులు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. ఆ ఇనుప రజను ఆయిల్లో కలిసి క్రాంకు బేరింగులను గీసేసింది. మొత్తం ఇంజను దించాల్సి వచ్చింది. ఆయన పి.ఎఫ్. అడ్వాన్సు పెట్టి చేయించుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

జరిగింది ఏమిటంటే, ట్యాపెట్ అడుగు చూడ్డానికి చదునుగా ఉంటుంది గానీ, కొత్తదానికి కంటికి కనపడనంత ఉబ్బు ఉంటుంది. లోబు కూడా కొంచెం వాలుగా ఉంటుంది. ఆ రెండింటి వల్ల ట్యాపెట్ తన చుట్టూ తాను తిరుగుతూ పని చేస్తుంది, ఒకే చోట రాపిడి పడదు. పాత ట్యాపెట్ తన పాత లోబుకు అలవాటుపడి అడుగు గుంటపడి ఉంటుంది. కొత్త లోబు మీద అది తిరగదు, ఉలి మాదిరి చెక్కుతుంది. కాబట్టి కొత్త క్యామ్‌కు కొత్త ట్యాపెట్లు, ఎనిమిదికి ఎనిమిదీ. పాత క్యామ్‌నే వాడుకుంటూ ఇంజను విప్పితే ఏ ట్యాపెట్ ఏ రంధ్రంలోదో గుర్తు పెట్టి అక్కడే వేయాల. మా అబ్బి ఇడ్లీ ప్లేటు తెచ్చి గుంటకొకటి పెట్టినాడు. ఆ తెలివి నాకు రాలేదు.

ఈసారి కొత్త క్యామ్ కోసం చాలాచోట్ల అడిగించినాము. అంబాసిడర్ తయారీ ఉత్తరపారాలో 2014 మే నెలలో ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు దొరికేవి షాపుల్లో మిగిలిన పాత సరుకు, లేదా ఎవరో చేసిన నకలు. చెన్నై పుదుపేట, బెంగళూరు జె.సి. రోడ్డు, కలకత్తా మల్లిక్ బజారు, ఇవి మనవాళ్లకు తెలిసిన స్థలాలే. డబ్బా మీద పేరు చూసి కొనవద్దు. మైక్రోమీటరు పట్టుకొని పోండి. మూడు జర్నళ్ల కొలత, డిస్ట్రిబ్యూటరును తిప్పే గేరు పళ్లు, ముందర గొలుసు చక్రం కూర్చునే చోటు, మెకానికల్ పెట్రోలు పంపు ఉంటే దాని లోబు, ఇవన్నీ పాత క్యామ్ పక్కన పెట్టి సరిచూడండి. ఎనిమిది లోబుల ఎత్తు ఒకదానితో ఒకటి సమానంగా ఉండాల. విదేశీ క్యామ్ అయితే డిగ్రీలు ఎక్కడ కొలిచినారో అడగండి. కొందరు వాల్వు కదలడం మొదలైనప్పటి నుంచి కొలుస్తారు, కొందరు 50 థౌ లేచినాక కొలుస్తారు. అదే క్యామ్ రెండో పద్ధతిలో చాలా తక్కువ డిగ్రీలు చూపుతుంది. రెండు కంపెనీల కాగితాలు పక్కపక్కన పెట్టి పోల్చి మోసపోయినవాళ్లున్నారు. పాత క్యామ్‌నే గ్రైండు చేయించడం ఇంకో దారి. చేసేవాడు లోబు ఆకారం తెలిసినవాడైతే, పైపొర గట్టిదనం పోకుండా చూస్తే, అది చెడ్డ దారి కాదు. మా దాంట్లో రెండు లోబులు మరీ పోయినాయి, గ్రైండింగుకు మిగల్లేదు. ఆఖరికి పాత సరుకులో డబ్బా విప్పని క్యామ్ ఒకటి దొరికింది. ట్యాపెట్లు కూడా కొత్తవే. ఈసారి నా జేబులో డబ్బు పెట్టి కొన్నాను, వదినమ్మకు చెప్పలేదు. ఇప్పుడు ఆమె ఇక్కడే ముందు వరసలో ఉన్నారు, తెలిసిపోయింది.

బిగించేటప్పుడు టైమింగ్ చైను కొత్తది వేసినాము. సాగిన గొలుసు వేస్తే ఎంత మంచి క్యామ్ అయినా ఆలస్యంగా నడుస్తుంది. చుక్కలు కలిపి ఊరుకోకుండా డిగ్రీల పళ్లెం పెట్టి 110 దగ్గర వాల్వు నిండుగా తెరుచుకుంటోందా అని చూసినాము. లోబులకు మాలిబ్డినం పేస్టు పూసినాము. మొదటిసారి స్టార్టు చేసినాక ఐడిల్‌లో వదలకూడదు, వెంటనే 2,000 చుట్లకు తెచ్చి ఇరవై నిమిషాలు ఆ చుట్టుపక్కలే ఉంచాల. లోబులకు నూనె ఎక్కువగా క్రాంకు చిమ్మితేనే అందుతుంది, మెల్లగా తిరిగితే చాలినంత చిమ్మదు. ఆ ఇరవై నిమిషాలే క్యామ్ ఆయుష్షును తేలుస్తాయి.

నూనె గురించి ఒక్క మాట. షాపులో ఖరీదైనదీ, పలచనిదీ మంచిదని ఇస్తారు. ఇప్పటి కార్లకు అది మంచిదే. పొగ శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు పాడవకుండా ఆ పలచని నూనెల్లో భాస్వరం 0.08 శాతం మించకుండా కట్టడి చేసినారు. మన పాత ట్యాపెట్ల రాపిడిని కాపాడేది ఆ జింకు, భాస్వరం కలిసిన మందే. 20డబ్ల్యు-40, 20డబ్ల్యు-50 వంటి చిక్కటి నూనెలకు ఆ కట్టడి లేదు. మన బండ్లకు అవే వాడండి. గట్టి వాల్వు స్ప్రింగులు వేయించుకోమని ఎవరైనా చెప్తే వద్దనండి, 4,500 దాటని ఇంజనుకు వాటివల్ల లోబులు అరగడం తప్ప లాభం లేదు.

1992లో వచ్చిన 1800 ఇసుజు ఇంజను అంబాసిడర్ ఉన్నవాళ్లకు ఈ లెక్కలేవీ పనికిరావు, దాని క్యామ్ హెడ్డు పైన ఉంటుంది. దాని గురించి అడిగితే విడిగా చెప్తాను.

బండి ఇప్పుడు ఏడు నెలలుగా తిరుగుతోంది. పోయిన నెల వదినమ్మను తీసుకొని మళ్లీ గువ్వలచెరువు ఎక్కినాము. రెండో గేరులో, లారీ వెనకాల. దగ్గలేదు. అబ్బి వెనక కూర్చున్నాడు, ఏమీ మాట్లాడలేదు. దిగినాక బానెట్టు మీద చెయ్యి వేసి కొంచెంసేపు నిలబడినాడు.

ట్యాపెట్ గ్యాపు చూడడం నేర్పమని నలుగురైదుగురు అడిగినారు. దానికి తొమ్మిది లెక్క ఒకటుంది. ముందర నుంచి వాల్వులకు ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేసుకోండి. ఎనిమిదో వాల్వు నిండుగా తెరుచుకొని ఉన్నప్పుడు ఒకటోది చూడాల, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది, నాలుగోది తెరుచుకున్నప్పుడు అయిదోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. ఫీలర్ గేజీ నా సంచిలో ఉంది. బండి బయట వేపచెట్టు కింద పెట్టించినాను. భోజనాలకు ఇంకా అరగంట ఉందంటున్నారు, రాదలచినవాళ్లు రండి. తెల్ల పంచెలు కట్టుకున్నవాళ్లు మాత్రం కొంచెం దూరంగా నిలబడండి.